వ్రేపల్లె బాల్యము – సైబరాబాదు బాల్యము

1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి మాదాపురములో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించినారు. అంతకు కొద్దికాలము పూర్వము వరకు ఆ ప్రాంతమంతయు బండరాళ్లు, పొలములు, పశువులు మేయు బీళ్లు. చెంతనే పూర్వము గోల్కొండ దుర్గమునకు జలము నందించిన దుర్గం చెరువు. 2001లో సైబరాబాదు అభివృద్ధి సంస్థ ఏర్పడినది. పిదప రెండు దశాబ్దములలో ఆ బీళ్లపై ప్రహరీగోడల నడుమ బహుళ అంతస్తుల నివాస సముదాయములు వెలసినవి.

దీనిని కట్టడముల చరిత్రగా చెప్పుట పరిపాటి. బాల్యము దృష్టితో చూచినవారు తక్కువ. కోస్తా, రాయలసీమ, తెలంగాణ పల్లెల నుండి ఉద్యోగార్థులై వచ్చిన దంపతులు పెద్దలను ఊరిలో విడిచి వచ్చిరి. అనేకుల రాత్రులు అమెరికా పగటివేళలకు అంకితమైనవి. అపరిచిత నగరము, ఎడతెగని వాహనములు. బిడ్డను గూర్చి భయము సహజము, దానిని తప్పుపట్టరాదు. కాని ఆ భయమే ఒక వ్యవస్థగా ఘనీభవించినది. ద్వారమున కావలివాడు, మెట్ల వద్ద సీసీ కెమెరా, పాఠశాల బస్సులో జీపీఎస్. పదునాలుగేండ్లు నిండినను ఒంటరిగా వీధి దాటి ఎరుగని బాలురు కలరు. వారి చేతిలోని ఫోనుకు మాత్రము కావలి లేదు. తెరలకు ప్రాణము పోయుటయే వృత్తిగా గల తల్లిదండ్రులకు బిడ్డను తెరనుండి మరల్చుట సులభమును కాదు.

2020 సెప్టెంబరు 1న తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలకు దూరదర్శన్, టి-శాట్ ద్వారా పాఠములు ప్రారంభమైనవి. మరునాడే కేంద్ర ప్రభుత్వము పబ్‌జీ క్రీడను నిషేధించినది. నిషేధమునకు చెప్పిన హేతువు దేశభద్రత; బాలుర మనస్సుల ప్రస్తావన అందు లేదు.

2019 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన రోగ వర్గీకరణలో వీడియో గేముల వ్యసనము రుగ్మతగా స్థానము పొందినది. నిగ్రహము కోల్పోవుట, తక్కిన సమస్తముకంటె ఆటకే ప్రాధాన్యమిచ్చుట, హాని కనబడుచున్నను మానలేకపోవుట దాని లక్షణములు. గీత ద్వితీయాధ్యాయములో విషయధ్యానము సంగముగా మొదలై బుద్ధినాశమువరకు పోవు క్రమము జ్ఞప్తికి రాక మానదు. అయితే గీతను అడ్డము పెట్టుకొని బిడ్డ వేదనను సంస్కారలోపమని కొట్టివేయుట అపచారము. నిద్ర చెడి, మాట తగ్గి, లోలోపల కుములుచున్న బాలునకు వైద్యుడు కావలెను. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ 14416 సంఖ్యకు ఫోను చేయుట దైవభక్తికి విరుద్ధము కాదు.

భయము విషయములో భాగవత దశమస్కంధము చూపు మార్గము విశేషమైనది. పూతన, శకటము, తృణావర్తుడు, మద్దిచెట్ల పతనము, ఇన్ని ఉత్పాతములు చూచిన వ్రేపల్లె పెద్దలు ఉపనందుని హితము విని బృందావనమునకు తరలిరి. అంతగా భయపడినవారు కృష్ణుని ఇంటనే నిలుపవలెను గదా! నిలుపలేదు. రామకృష్ణులను దూడలు మేపుటకు పంపిరి. అదియు వ్రజమునకు అనతిదూరమున, తోడి గోపబాలురతో. అచటను వత్సాసురుడు వచ్చెను, బకుడు వచ్చెను. అయినను దూడల కాపు ఆగలేదు. అడవిలో ఆ బాలురు చల్దులు పంచుకొని కుడిచిన ఘట్టమును పోతనామాత్యుడు తెలుగువారి హృదయములలో నిలిపినాడు. వయస్సు పెరుగగా దూడలకు బదులు గోవులనే అప్పగించిరి. కార్తిక శుక్లాష్టమి గోపాష్టమియైనది అందులకే. యశోద త్రాటితో కట్టిన రోజును కలదు. ఆ బాలుడు రోలు ఈడ్చుకొనియే వెలుపలికి పోయెను!

దూడల పిదపనే గోవులు. ఈ క్రమమును నేటి తల్లిదండ్రులు గమనింపవలసియున్నది. మాదాపురమున మేపుటకు దూడలు లేవు గాని పాలపొట్లమునకై దుకాణమునకు పోవుట కలదు. సైకిలుపై మిత్రుని యింటికి పోవుట, మరుసటి యేట ఒంటరిగా మెట్రో రైలు ఎక్కుట, వేసవిలో అమ్మమ్మ ఊరికి బస్సులో పోవుట కలవు. శనివారమున ఆలయములో పులిహోర పంచు గిన్నెను పదునాలుగేండ్ల బాలుని చేతికిచ్చి, వెనుకకు చూడక తల్లిదండ్రులు ప్రదక్షిణమునకు పోవుటయు కలదు.