మూలప్రతి, చేర్పులు: మాడ్ మేనేజర్ల పూర్వకథ

నానక్‌రామ్‌గూడలో మా అబ్బాయి ఉంటున్న ఇల్లు పద్నాలుగో అంతస్తులో ఉంది. బాల్కనీలో నిలబడితే ఒకవైపు అద్దాల భవనాలు, మరొకవైపు ఇంకా ఎవరూ పగలగొట్టని నాలుగు గుండురాళ్ళు కనబడతాయి. ఉద్యోగ విరమణ తరువాత నా కాలక్షేపం ఆ రాళ్ళను చూడటం, పాత పుస్తకాలు తిరగేయడం. మొన్నటి వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం ఇంటర్మీడియెట్ చదువుతున్న మా మనుమడు కంప్యూటరు ముందు తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమైందిరా?" అన్నాను.

"ఆట పోయింది తాతయ్యా. మూడు నెలల నుంచి ఆడుతున్నది. ఒక మాడ్ తీసేశాను, అంతే. ఇంక తెరుచుకోవట్లేదు."

ఆ ఆట పేరు స్కైరిమ్. ఆడేవాడు ఒక పాత్రను ధరించి, ఆ పాత్రకు వయసు, విద్య, స్నేహాలు, శత్రుత్వాలు సంపాదించి పెడుతూ నెలల తరబడి ఒక కల్పిత దేశంలో సంచరిస్తాడు. మాడ్ అంటే ఆటను తయారు చేసినవారు కాక, ఆడేవారిలోనే నేర్పరులు దానికి చేసే చేర్పు. కొత్త ఊరు కావచ్చు, కొత్త ఆయుధం కావచ్చు, ఉన్న చెట్లకు మరింత పచ్చదనమే కావచ్చు. మావాడు అలాంటివి నలభై దాకా తెచ్చి, ఒక్కొక్కదానినీ చేత్తో ఆట ఫోల్డరులో కుమ్మరించాడు. పాత ఫైలు మీద కొత్త ఫైలు రాయనా అని కంప్యూటరు అడిగిన ప్రతిసారీ సరేనన్నాడు. ఒకనాడు ఒకటి నచ్చక తొలగించబోయేసరికి, ఏది మూలమో ఏది చేర్పో తెలియకుండా పోయింది.

"మళ్ళీ మొదటినుంచి ఆడాలి. ఈసారి మాడ్ మేనేజర్ పెట్టుకుంటాను. రెండున్నాయి, ఏది తీసుకోవాలో తెలియట్లేదు. నీకివన్నీ తెలియవులే!" అన్నాడు.

తెలియకపోవడమేమిటి? మూలప్రతిలో ఎవరెవరు ఏమేమి చేర్చారో విడదీయడమెలాగన్నది నేను చదువుకున్న చదువు. పేర్లు కొత్తవి, అంతే. పట్టుదలగా రెండు నెలలు కూర్చుని, వాడిచేత చెప్పించుకుని, కొంత నేనే చదివి తెలుసుకున్న చరిత్ర ఇది.

1998లో కెనడాకు చెందిన బయోవేర్ సంస్థ నిర్మించిన బాల్డర్స్ గేట్ అనే ఆట వచ్చింది. 2000లో దాని రెండవ భాగం. వీటిలో ఓవర్‌రైడ్ అనే ఒక ఫోల్డరు ఉండేది. అసలు ఆట సామగ్రి అంతా మూటలు కట్టి ఒకచోట ఉంటుంది. ఓవర్‌రైడ్‌లో అదే పేరుగల ఫైలు ఏదైనా కనబడితే, ఆట మూటలోనిదాన్ని వదిలి దీన్ని చదువుతుంది. మూలం చెక్కుచెదరదు. మంచి ఏర్పాటే. అయితే ఇద్దరు వేర్వేరు చేర్పరులు ఒకే పేరుగల ఫైలును మార్చి పంపితే, రెండవది మొదటిదాన్ని తుడిచేస్తుంది. అప్పుడు కంప్యూటరు శాస్త్రంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న వెస్ వైమర్ దీనికొక ఉపాయం చేశాడు. అది వైడూ అనే పనిముట్టు. ఫైలుకు ఫైలు మార్చడం కాక, ఉన్న ఫైలులో అవసరమైన చోట మాత్రమే మార్పు చేస్తుంది. అంతకు ముందున్న రూపాన్ని దాచి పెడుతుంది. మధ్యలోని చేర్పును తీసేయాలంటే, దాని తరువాత పెట్టినవన్నీ వరుసగా విప్పి, దాన్ని తీసి, తిరిగి అన్నీ కడుతుంది. దొంతరలో అడుగున ఉన్న కుండ తీయాలంటే పైవన్నీ దించక తప్పదు కదా!

2002లో బెథెస్డా సంస్థవారి మారోవిండ్ వచ్చింది. ఆటతోపాటే, ఆటను మార్చుకోవడానికి కావలసిన పనిముట్టును కూడా కొన్నవారి చేతికిచ్చారు. కావ్యాన్నీ గంటాన్నీ కలిపి అమ్మినట్టు! చేర్పులు వెల్లువెత్తాయి. ఇక్కడే లోడ్ ఆర్డర్ అనే మాట ప్రధానమైంది. చేర్పులన్నిటినీ ఆట ఒక వరుసలో చదువుతుంది. రెండు చేర్పులు ఒకే వస్తువు గురించి వేర్వేరుగా చెబితే వరుసలో చివరిదే చెల్లుతుంది. ఆ ఆటలో వరుసను నిర్ణయించేది ఫైలు మీది తేదీ.

ఈ సంగతి మావాడు చెబుతుంటే నాకు నవ్వు ఆగలేదు. పాణిని అష్టాధ్యాయిలో మొదటి అధ్యాయం నాలుగవ పాదం రెండవ సూత్రం చెప్పేదీ ఇదే కదా. సమానబలం గల రెండు సూత్రాలు ఒకేచోట తలపడితే పరసూత్రానిదే పైచేయి అని సంప్రదాయం దానికి అర్థం చెప్పింది. (ఆ 'పర' అనే మాటకు వేరే అర్థం ఉన్నదని కేంబ్రిడ్జిలో రిషి రాజ్‌పోపట్ అనే యువకుడు చేసిన పరిశోధన 2022లో పత్రికలకెక్కింది. ఆ చర్చ ఇక్కడ వద్దు; నాకింకా తేలలేదు.)

2006లో ఆబ్లివియన్ రాగానే, ఒక్కొక్క చేర్పును మూటగా కట్టి ఎక్కించే, దింపే మేనేజరును టైమ్‌స్లిప్ అనే మారుపేరుగల వ్యక్తి తయారు చేశాడు. అదే కాలపు రై బాష్ అనే పనిముట్టు ఇంకొక అడుగు వేసింది. ఉదాహరణకు అంగట్లో దొరికే వస్తువుల జాబితాకు ఒక చేర్పు కత్తిని, మరొకటి డాలును కలిపిందనుకోండి. చివరిదే చెల్లుతుంది కనుక డాలు మిగులుతుంది, కత్తి మాయమవుతుంది. రై బాష్ రెండు జాబితాలనూ చదివి, కత్తీ డాలూ రెండూ ఉన్న మూడవ జాబితాను కూర్చి చివర పెడుతుంది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో పరిష్కర్త అన్న పేరుకు తగిన మొదటి పనిముట్టు ఇదే.

స్కైరిమ్ 2011 నవంబరు 11న విడుదలైంది. తొలినాళ్ళలో ఎక్కువమంది వాడినది, మాడ్‌లకు పెద్ద భాండాగారమైన నెక్సస్ వారి సొంత మేనేజరు. అది ఏ ఫైలు ఎక్కడినుంచి వచ్చిందో లెక్క రాసుకునేది. కాని ఫైళ్ళు పోసేది మాత్రం ఆట ఫోల్డరులోనే. లెక్కల పుస్తకం తప్పితే ఇల్లు గల్లంతే.

దీన్ని తలకిందులు చేసినది టానిన్ అనే మారుపేరుతో రాసే వ్యక్తి తెచ్చిన మాడ్ ఆర్గనైజర్. ఇందులో ప్రతి చేర్పూ తన ఫోల్డరులో తానుంటుంది. ఆట ఫోల్డరును ఎవరూ ముట్టుకోరు. ఈ మేనేజరు ద్వారా ఆటను తెరిచినప్పుడు, అన్నీ ఒకేచోట ఉన్నట్టు ఆటకు భ్రమ కలిగిస్తుంది. ఆట మూయగానే ఆ భ్రమ తొలగిపోతుంది. మూలం ఎప్పటిలాగే ఉంటుంది. తాళపత్రం మీద అద్దపు రేకు పరచి, రాయవలసినది ఆ రేకు మీద రాసినట్టన్నమాట. నచ్చకపోతే రేకు తీసేయవచ్చు. రెండు రేకుల వరుస మార్చి ఏది పైన ఉంటే బాగుంటుందో చూసుకోవచ్చు.

ఇక్కడికి రాగానే నాకు కడప గుర్తుకొచ్చింది. 1798లో కలకత్తాలో పుట్టిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఉద్యోగం మీద కడప చేరాడు. అక్కడ బంగళా కొని, సొంత సొమ్ముతో పండితులకు జీతాలిచ్చి, ఒక్కొక్క గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి పోల్చి చూపించాడు. లేఖకులు తరతరాలుగా తమకు తోచినది కలుపుతూ, తోచనిది మారుస్తూ వచ్చారు. వేమన పద్యాల విషయంలో ఇది మరీ ఎక్కువ. 1829లో సుమారు 700 పద్యాలతో బ్రౌన్ ప్రకటించిన కూర్పు 1839 నాటికి వేయి దాటింది. ఆ పద్యాల్లో వేమనవి ఎన్ని, వేమన మకుటం తగిలించుకున్నవి ఎన్ని అన్న తగవు నేటికీ తెగలేదు. బ్రౌన్ చేసిన మేలేమిటంటే, ఏ ప్రతినీ దిద్దించలేదు. వేరే కాగితం మీద శుద్ధప్రతి రాయించి, పాఠభేదాలు ఎత్తి రాయించాడు. ఆయన తీర్పు తప్పని మనకు తోస్తే, వెనక్కి వెళ్ళి చూసుకోవడానికి ప్రతులున్నాయి. వాటిలో అధికభాగం మద్రాసు ప్రాచ్యలిఖిత భాండాగారానికి చేరాయి. కడపలో ఆ బంగళా స్థలంలో, జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పూనికతో, ఇప్పుడు బ్రౌన్ పేర భాషా పరిశోధన కేంద్రం ఉంది.

చేర్పు అన్నదే పాపమని నేననడం లేదు. పోతన భాగవతంలో శిథిలమైన భాగాలను గంగన, సింగన, వెలిగందల నారయ పూరించారు. వారు లేకపోతే మనకు పన్నెండు స్కంధాల తెలుగు భాగవతం లేదు. అయితే ఆ స్కంధాల చివర గద్యలో ఎవరి పేరు వారు చెప్పుకున్నారు. ఏది ఎవరిదో విద్యార్థికి సైతం తెలుస్తుంది. ఆట ఫోల్డరులో కలిసిపోయే ఫైలుకూ, తన పేరుగల ఫోల్డరులో ఉండే చేర్పుకూ ఉన్న తేడా ఇదే.

మళ్ళీ కథలోకి. 2016లో టానిన్‌ను నెక్సస్ వారే ఉద్యోగంలోకి తీసుకున్నారు. మాడ్ ఆర్గనైజర్ రెండవ రూపాన్ని ఇతర ఔత్సాహికులు అందుకుని నడుపుతూ వచ్చారు. టానిన్ కొత్తగా తయారుచేసిన వోర్టెక్స్ 2018లో జనం ముందుకు వచ్చింది. ఇదీ ప్రతి చేర్పునూ విడిగానే దాస్తుంది. కాని ఆట ఫోల్డరులో భ్రమకు బదులు హార్డ్ లింకు అనే ఏర్పాటు చేస్తుంది. ఒకే ఫైలుకు రెండు చోట్ల రెండు పేర్లుంటాయన్నమాట. అందుచేత ఆటా చేర్పులూ ఒకే డిస్కు భాగంలో ఉండాలి. వరుస నిర్ణయించే తీరూ వేరు. మాడ్ ఆర్గనైజర్‌లో చేర్పును పట్టుకుని కావలసిన చోటికి జరుపుతాం. వోర్టెక్స్‌లో 'ఇది దాని తరువాత రావాలి' అని నియమం చెబుతాం; వరుస అదే కట్టుకుంటుంది. వ్యాకరణం చదివినవారికి రెండూ పరిచయమే. మొదటిది సూత్రపాఠంలోని స్థానాన్ని బట్టి బలాబలాలు తేల్చడం, రెండవది ఉత్సర్గానికి అపవాదం చెప్పడం.

మరి ఏది తీసుకోవాలి? మావాడికి నేనిచ్చిన తీర్పు ఇది. పది ఇరవై చేర్పులతో, రకరకాల ఆటలు ఆడేవాడికి వోర్టెక్స్ చాలు. నేర్చుకోవడం సులువు, చాలా ఆటలకు పనికివస్తుంది. బెథెస్డావారి ఆట ఒక్కదాన్నే పట్టుకుని వందల చేర్పులతో ప్రయోగాలు చేసేవాడికి మాడ్ ఆర్గనైజర్. మొదటి వారం విసుగు పుట్టిస్తుంది. ఆటను నేరుగా తెరిస్తే చేర్పులేవీ కనబడక కంగారు పెడుతుంది. కాని ఏ ఫైలు ఏ ఫైలును కప్పిందో కళ్ళకు కట్టినట్టు చూపుతుంది. నాలాంటివాడికి అదే కావాలి. బాల్డర్స్ గేట్ మూడవ భాగం మటుకే ఆడేవాడికి ఈ చింత తక్కువ. 2023లో వచ్చిన ఆ ఆటకు 2024 సెప్టెంబరులో నిర్మాతలే లోపల ఒక మేనేజరును అమర్చారు.

రెండు సంగతులు మాత్రం ఏ మేనేజరూ కాపాడలేదు. ఒకటి, మూలకర్తే మూలాన్ని మార్చడం. 2021 నవంబరులోనూ, 2023 డిసెంబరులోనూ స్కైరిమ్‌కు వచ్చిన సవరణలతో, పాత రూపానికి కచ్చితంగా సరిపోయేటట్టు రాసిన చేర్పులెన్నో పని మానేశాయి. రెండవది, ఆడుతూ ఆడుతూ దాచుకున్న సేవ్ ఫైలు. చేర్పులోని ఆదేశాలు కొన్ని అందులోకి ఇంకిపోతాయి. ఆ తరువాత చేర్పును తీసేసినా ఆ జాడలు మిగిలే ఉంటాయి. మావాడి ఆట పోయింది ముఖ్యంగా ఇందువల్లనే. మేనేజరు మూలాన్ని కాపాడగలదు కాని, జరిగిపోయిన మూడు నెలలను తిరిగి ఇవ్వలేదు.

ఇది వాడికి చెబుతుంటే నా గొంతు పట్టుకుంది. కారణం వాడికి తెలియదు. మా తాతగారు మా ఊరి దేవుడి మీద ఒక శతకం రాశారు. అచ్చు కాలేదు. ఆయన చేతిరాతలోని నోటుపుస్తకం ఒక్కటే ప్రతి. నేను విద్వాన్ చదువుతున్న రోజుల్లో, పందొమ్మిదేళ్ళ వయసులో, పదకొండు పద్యాల్లో యతి తప్పిందని తీర్మానించి, ఆయన అక్షరాల మీదనే నల్లసిరాతో దిద్దాను. ఆయన అప్పటికే లేరు. వాటిలో కొన్ని అఖండయతులని, పూర్వకవుల్లో ప్రయోగాలున్నాయని ఉద్యోగంలో చేరాక తెలిసింది. ఆ పుస్తకాన్ని ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు.

ఆ రాత్రి పెట్టెలోంచి తీసి మనుమడి చేతికిచ్చాను. వాడు ఏమీ అనలేదు. మర్నాడు పుటలన్నీ స్కాన్ చేసి, వాటిని ఒక ఫోల్డరులో పెట్టి, ముట్టకూడదని తాళం వేశాడు. తరువాత కాగితం వెనక దీపం పెట్టి మళ్ళీ ఫొటోలు తీసి, వెలుగు హెచ్చించి తగ్గించి చూపించాడు. నాలుగు పద్యాల్లో నా సిరా కింద తాతగారి అక్షరాలు కనబడ్డాయి. మిగిలిన ఏడింటిలో కనబడలేదు.