బొమ్మలు పలికిన శుభవర్తమానము

డిసెంబరు నెల వచ్చినంతనే మన యిండ్లలోని పిల్లలు బొమ్మల చిత్రముల యెదుట కూర్చుందురు. మంచు కురియు ఊళ్లు, ఎఱ్ఱ ముక్కు గల దుప్పి, ప్రాణము వచ్చిన మంచుబొమ్మ, బహుమానముల మూట మోయు తాత, ఇవన్నియు మనకంటె వారికే బాగుగా తెలియును. ఈ చిత్రములను చూడనే కూడదని గద్దించు పెద్దలు కొందరు. ఏమి చూచుచున్నారో అడుగకయే విడిచిపెట్టు పెద్దలు మఱికొందరు. ఈ రెండును గాక వేరొక మార్గము కలదు. వాటి చరిత్రను తెలిసికొని, రక్షకుని పుట్టుకను గూర్చి ఏది నిజము పలికెనో, ఏది సగము పలికి ఊరకుండెనో వివేచించుటయే ఆ మార్గము. ఈ నెల మనమిరువురము ఆ పని చేయుదము.

మొదట ఒక సంగతి గమనింపుము. తెరపై ఒక్క సెకను గడచుటకు 24 చిత్రములు వరుసగా కదలవలెను. 25 నిమిషముల కథకు 36,000 చిత్రములన్నమాట. ఒక్కొక్క బొమ్మను రెండేసి మారులు వాడుకొన్నను వేలకొలది బొమ్మలు చేతితో గీయవలసి యుండెను. ఇంత శ్రమకు ఓర్చి ఆ మనుష్యులు పండుగనాడు లోకమునకు ఏమి చెప్పదలచిరి?

1939 డిసెంబరు 9వ తేదిన అమెరికాలో ఎం.జి.ఎం. సంస్థ ‘పీస్ ఆన్ ఎర్త్’ అను చిన్న చిత్రమును విడుదల చేసెను. దర్శకుడు హ్యూ హార్మన్. ఐరోపాలో రెండవ ప్రపంచ యుద్ధము మొదలై అప్పటికి మూడు నెలలు దాటెను. కథ ఇట్లుండును. క్రిస్మసు వేళ ఒక ముసలి ఉడుత తన మనుమల యొద్దకు వచ్చును. పాటలో ‘మనుష్యులు’ అను మాట విని, మనుష్యులనగా ఎవరని ఆ పిల్లలు అడుగును. ఏలయనగా భూమిమీద మనుష్యుడొక్కడును మిగిలి యుండలేదు. యుద్ధము వెంబడి యుద్ధము చేసి, తుదకు మిగిలిన ఇద్దరు సైనికులు ఒకరినొకరు కాల్చుకొని చచ్చిరి. అంతట అడవి జంతువులు పాడుపడిన దేవాలయములో ఒక గొప్ప గ్రంథమును కనుగొని, నరహత్యను నిషేధించు ఆజ్ఞను చదివెను. సైనికుల ఇనుప టోపీలతోనే అవి తమకు ఇండ్లు కట్టుకొనెను.

1955లో విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా అనువారు ఈ కథనే ‘గుడ్ విల్ టు మెన్’ అను పేరిట మరల తీసిరి. ఈ మారు తుపాకులకు తోడు అణ్వస్త్రము వచ్చి చేరినది. పదునారు సంవత్సరములలో మనుష్యుడు నేర్చుకొన్నది ఇదియా అని ఆ రెండవ చిత్రము మనలను అడుగుచున్నది. ఆజ్ఞ గ్రంథములో ఉండెను. మనుష్యులు గ్రంథమును మూసియుంచిరి. ఉడుత చెప్పగలిగినది అంతవరకే. ఆజ్ఞను గైకొను క్రొత్త హృదయమును ఇచ్చుటకు ఎవరు వచ్చిరో అది చెప్పలేదు.

ఆ వచ్చినవానిని గూర్చి ఒక జర్మను స్త్రీ కత్తెరతో చెప్పెను. లాటె రైనిగర్ 1899లో బెర్లినులో పుట్టెను. నల్లని బొమ్మలను కత్తిరించి, కీళ్లు అమర్చి, క్రింద దీపమున్న అద్దముపై పరచి, కొంచెము కొంచెముగా కదల్చుచు ఒక్కొక్క కదలికను ఛాయాచిత్రము తీయుట ఆమె పద్ధతి. 1926లో ‘రాకుమారుడు అహ్మద్ సాహసములు’ అను నిడివైన చిత్రమును ఆమె ఇట్లే ముగించెను. హిట్లరు ప్రబలిన తరువాత ఆమెయు, ఆమె భర్తయు స్వదేశము విడిచి, ఎక్కడను స్థిరముగా నిలువ అనుమతి దొరకక, దేశమునుండి దేశమునకు తిరిగిరి. యుద్ధానంతరము లండనులో స్థిరపడిరి. అక్కడ 1956లో ‘బేత్లెహేము నక్షత్రము’ అను చిన్న చిత్రమును ఆమె తీసెను.

మన తోలుబొమ్మలాట చూచినవారికి ఈ పద్ధతి అంత క్రొత్తగా తోచదు. అయితే మన తోలుబొమ్మలు రంగులతో వెలుగును. ఆమె బొమ్మలు నల్లని నీడలు. నీడకు కన్నీరు కనబడదు, చిరునవ్వు కనబడదు. వంగిన మెడ, చాచిన చేయి, మోకరించిన కాలు, ఇవియే మాటలాడవలెను. నిలువ నీడలేక తిరిగిన స్త్రీ, సత్రములో స్థలము దొరకని దంపతుల కథను నీడలతో చెప్పెను. ఆరాధనయనగా మనుష్యుడు నిలువెల్ల వంగుటయేనని ఆ నీడలు మనకు జ్ఞాపకము చేయుచున్నవి.

ఇక ఎఱ్ఱ ముక్కు దుప్పి యొద్దకు వత్తము. దీని వెనుక ఒక దుఃఖము కలదు. 1939లో షికాగోలోని మాంట్‌గోమరీ వార్డ్ అను వర్తక సంస్థలో రాబర్ట్ మే అనునతడు ప్రకటనలు వ్రాయువాడు. పండుగకు పిల్లలకు ఉచితముగా పంచుటకు ఒక కథ వ్రాయుమని పై అధికారి అతనికి చెప్పెను. అప్పుడతని భార్య కాన్సరుతో మంచము పట్టియుండెను. జూలై నెలలో ఆమె మరణించెను. ఆ పని వేరొకరికి అప్పగింతునని అధికారి చెప్పినను అతడు ఒప్పుకొనక, తల్లిలేని చిన్న కుమార్తెను దగ్గరనుంచుకొని కథను ముగించెను. తోటివారు ఎగతాళి చేసిన దుప్పి, మంచు కమ్మిన రాత్రి తన ముక్కు వెలుగుతో దారి చూపుటయే ఆ కథ. ఆ యేడు సుమారు 24 లక్షల ప్రతులు పంచిపెట్టిరి. మే సోదరిని పెండ్లాడిన జానీ మార్క్స్ దీనిని పాటగా కట్టగా, 1949లో జీన్ ఆట్రీ పాడెను. 1964 డిసెంబరు 6న ఎన్.బి.సి. టెలివిజనులో ఇది బొమ్మల చిత్రముగా వచ్చెను. రాంకిన్, బాస్ అనువారు దీనిని నిర్మించగా, జపానులో తదాహితో మొచినాగ బృందము బొమ్మలను కదల్చి చిత్రీకరించెను.

ఆ చిత్రములో ఒక దీవి కలదు. ఏదో యొక లోపముచేత ఏ బిడ్డకును అక్కరలేని ఆటబొమ్మలు అక్కడ దాగియుండును. వాటికి సహాయము చేయుదునని దుప్పి మాట ఇచ్చును. అయితే 1964లో ప్రసారమైన చిత్రములో ఆ మాట నెరవేరలేదు. కథ ముగిసెను, బొమ్మలు దీవిలోనే మిగిలెను. చూచినవారు ఊరకుండక ఉత్తరములు వ్రాసిరి. కాబట్టి 1965లో ఆ బొమ్మలను తీసికొనిపోవు దృశ్యమొకటి క్రొత్తగా చేర్చిరి. చదువరీ, జనులు సహింపలేకపోయినది ఏదో చూచితివా? ఇచ్చిన మాటను మరచిపోవుటయే. మాట తప్పని దేవుని కొరకు మానవ హృదయము ఎంతగా ఆకలిగొని యున్నదో ఆ ఉత్తరములు తెలుపుచున్నవి.

అయినను ఈ కథలో ఒక కొరత యున్నది. ఆ దుప్పి ఉపయోగపడిన పిదపనే దానిని అందరు మెచ్చుకొనిరి. ముక్కు వెలుగు అక్కరకు రాకపోయిన యెడల దాని గతి యేమి? మన ప్రభువు ఎవనిని ఆ విధముగా పిలువలేదు. మనము దేనికిని పనికిరానివారమై యున్నప్పుడే ఆయన మన కొరకు వచ్చెను. ఎఱ్ఱ ముక్కు కథ చూచిన పిల్లవానికి ఈ మాట చెప్పక విడువకుము. లేనియెడల తాను పనికివచ్చిన దినముననే తనకు ప్రేమ దొరకునని వాడు అనుకొనును.

ఇప్పుడు ముఖ్యమైన చిత్రమునకు వచ్చితిమి. 1965 డిసెంబరు 9న సి.బి.ఎస్. టెలివిజనులో ‘ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్’ ప్రసారమాయెను. దీనిని వ్రాసినవాడు, పత్రికలలో ‘పీనట్స్’ అను బొమ్మల కథను 1950 నుండి గీయుచుండిన చార్లెస్ షుల్జ్. నిర్మాత లీ మెండెల్‌సన్, దర్శకుడు బిల్ మెలెండెజ్. ఖర్చు భరించినది కోకా-కోలా సంస్థ. వ్యాపారము పండుగను మ్రింగుచున్నదని దుఃఖించు కథకు పానీయముల వ్యాపారియే డబ్బిచ్చుట వింతగా లేదా? కొన్ని నెలలలోనే దీనిని ముగింపవలసి వచ్చెను.

షుల్జ్ 1922లో పుట్టెను. 1943లో, అతడు సైన్యములో చేరిన దినములలోనే, తల్లి కాన్సరుతో మరణించెను. యుద్ధమునుండి తిరిగి వచ్చి అతడు చర్చ్ ఆఫ్ గాడ్ సంఘములో చేరి, లేఖనములను శ్రద్ధగా చదివెను. ఈ చిత్రమును తలపెట్టినప్పుడు, లూకా సువార్త రెండవ అధ్యాయములోని కాపరుల వృత్తాంతము కథ నడుమ చదువబడవలెనని అతడు పట్టుబట్టెను. బొమ్మల చిత్రములో బైబిలు వచనములా అని తోటివారు సందేహించిరి. మనము చేయకపోయిన ఇంకెవరు చేయుదురను భావముతో అతడు వారికి జవాబిచ్చెను. నవ్వుల శబ్దము చేర్చుట ఆనాడు వాడుక. దానిని అతడు వలదనెను. పాత్రల గొంతులను పెద్ద నటులచేత గాక పిల్లలచేతనే పలికించిరి. చదువు రాని చిన్న బిడ్డకు ఒక్కొక్క మాట చెప్పి పలికింపవలసి వచ్చెను. చిత్రమును ముందుగా చూచిన టెలివిజను అధికారులకు అది నచ్చలేదు. నడక మందముగా నున్నదనిరి. అయితే ప్రసార దినము నిర్ణయమై యుండుటచేత ఆపుటకు వీలులేకపోయెను.

కథ చిన్నది. చార్లీ బ్రౌన్ అను బాలునికి పండుగ వచ్చినను సంతోషము కలుగదు. చుట్టునున్నవారు అలంకారములను, బహుమానములను, డబ్బును కోరుచుందురు. మెరయు అల్యూమినియము చెట్టు తెమ్మని అతనిని పంపగా, ఎండిన కొమ్మవంటి చిన్న నిజపు చెట్టును తెచ్చును. అందరు నవ్వుదురు. క్రిస్మసు అనగా ఏమో ఎవరైనను ఎరుగుదురా అని అతడు కేక వేయును. అప్పుడు లైనస్ అను బాలుడు రంగస్థలము నడుమ నిలిచి, 8వ వచనము మొదలు 14వ వచనము వరకు కంఠతా చెప్పును. సంగీతము లేదు, ఆట లేదు. ఒక్క నిమిషము మాత్రమే.

ఈ లైనస్ తన దుప్పటిని ఎన్నడును చేయి విడువనివాడు. అది లేనిదే వానికి ధైర్యముండదు. దూత కాపరుల భయమును తీర్చు మాట యొద్దకు వచ్చునప్పటికి ఆ దుప్పటి వాని చేతినుండి నేలకు జారును. చెప్పుట ముగిసిన తరువాత వాడు దానిని మరల ఎత్తుకొనును. మనమును అంతియే గదా! వాక్యము వినునప్పుడు భయమును విడుతుము, విన్న తరువాత మరల పట్టుకొందుము. అయితే కథ చివర వాడు ఆ దుప్పటినే తీసి, వాలిపోయిన చెట్టు మొదట చుట్టును. తనకు ఆధారమైన దానిని బలహీనమైన దానికి ఇచ్చివేయును. ఆ వచనములు వానిలో పనిచేసెననుటకు ఇంకేమి సాక్ష్యము కావలెను?

ఆ రాత్రి అమెరికాలో వెలుగుచున్న టెలివిజనులలో ఇంచుమించు సగము ఈ చిత్రమునే చూపెను. ఎమ్మీ, పీబాడీ బహుమానములు రెండును దీనికి దొరకెను. ఆ ప్రసారము యేటేట సాగెను. షుల్జ్ పెద్దవాడైన తరువాత సంఘారాధనకు వెళ్లుట మానెను; తన విశ్వాసమును గూర్చి వేరు విధముగా మాటలాడెను. 2000వ సంవత్సరమున మరణించెను. దీనిని దాచవలసిన పనిలేదు. విత్తువాని చేయి అలసిపోయినను, విత్తబడిన వాక్యము అలసిపోదు.

మఱుసటి యేడు, 1966 డిసెంబరు 18న, అదే సి.బి.ఎస్.లో ‘గ్రించ్’ కథ వచ్చెను. డాక్టర్ స్యూస్ 1957లో వ్రాసిన పుస్తకమును చక్ జోన్స్ చిత్రముగా తీసెను. భయంకర పాత్రలకు పేరుపొందిన బోరిస్ కార్లాఫ్ కథ చెప్పెను. ఒక కొండమీది దుష్టుడు క్రింది ఊరివారి బహుమానములను, విందును, అలంకారములను రాత్రికి రాత్రి దొంగిలించును. తెల్లవారగానే వారు ఏడ్తురని చెవియొగ్గును. వారు పాడుదురు. దొంగ హృదయము కరగును. మంచి పాఠమే. ఈ చిత్రమునకు ఖర్చు పెట్టినది బ్యాంకుల సంఘమొకటి! అయితే ఊరివారు ఎవరిని గూర్చి పాడుచున్నారో కథ చెప్పదు. వారి సంతోషము వస్తువులలో లేదని చెప్పును. ఎవరిలో ఉన్నదో చెప్పదు. ఆ ఖాళీని నీవు నింపవలెను.

చివరిది ఇంగ్లండు దేశపు ‘ద స్నోమాన్’. రేమండ్ బ్రిగ్స్ 1978లో ప్రచురించిన బొమ్మల పుస్తకము నుండి తీసిన ఈ చిత్రమును 1982 డిసెంబరు 26న చానల్ 4 చూపెను. ఒక్క పాట తప్ప కథలో మాటలు లేవు. బాలుడు మంచుతో చేసిన బొమ్మకు ప్రాణము వచ్చును. ఇద్దరును రాత్రి ఆకాశమున ఎగిరిపోదురు. తెల్లవారి చూడగా మంచు కరగియుండును. బాలుడు దాని ప్రక్కన మోకరించును. అక్కడ కథ ముగియును. బ్రిగ్స్ 1971లో తలిదండ్రులను, 1973లో భార్యను పోగొట్టుకొన్నవాడు. మరణము నిజమని అతడు పిల్లలకు దాచలేదు. అది మంచిదే. అబద్ధపు ఓదార్పుకంటె అది మేలు. అయితే క్రీస్తును ఎరిగిన తల్లివైనను తండ్రివైనను అక్కడనే లేచిపోకుము. కరగిన మంచు ప్రక్కన ఏడ్చు బిడ్డతో, ఖాళీ సమాధిని గూర్చి మాటలాడుటకు అంతకంటె మంచి సమయము నీకు దొరకునా?

ప్రియ చదువరీ, ఈ చిత్రములు సువార్త కావు. కొన్ని ఆజ్ఞవరకు వచ్చి నిలిచెను, కొన్ని సంతోషమువరకు, కొన్ని కన్నీటివరకు. ఒకటి రెండు మాత్రము పశువుల తొట్టివరకు నడిచెను. మిగిలిన దారి పిల్లలను చేయి పట్టి నడిపింపవలసినది మనమే. ఈ పండుగకు వారితోకూడ ఒక చిత్రమును చూడుము. తెర ఆరిపోయిన తరువాత వెంటనే లేవక మూడు ప్రశ్నలు అడుగుము: ఎవరు వచ్చిరి? ఎందుకు వచ్చిరి? ఎవరి కొరకు వచ్చిరి? జవాబు కొరకు లూకా సువార్తను తెరచి, ఆ యేడు వచనములను పిల్లవానిచేతనే చదివింపుము.

మన సంఘములనుకూడ ఇదే ప్రశ్న అడుగవలెను. నక్షత్రములు కట్టుదుము, నాటికలు ఆడుదుము, అతిథులను సన్మానింతుము, కేకు కోయుదుము. ఇవన్నియు జరిగిన సాయంకాలమున, కాపరులు విన్న వార్త నెమ్మదిగా, స్పష్టముగా, అందరు ఊరకుండి వినునట్లు చదువబడినదా? పానీయముల కంపెనీ సొమ్ముతో తీసిన బొమ్మల చిత్రమున ఒక మనుష్యుడు దానికొరకు ఒక్క నిమిషము సంపాదించెను. ప్రభువు పేరిట కూడిన మన కూటములో ఆ నిమిషము కొరవడకుండునుగాక. ఆమేన్.