సాగర్ పవన్ నేలకొరిగిన రోజు

ఈ కథకు ముగింపు 2010 మార్చి 3, హైదరాబాద్‌లోని బోయినపల్లి. మా కంప్లి వైపు మా పాత రాకుమారుడు కుమారరాముడి కథ వినే పెద్దలకు కోట నిలవదనీ, రాముడు దక్కడనీ మొదటి నుంచీ తెలుసు. తెలిసే కూర్చుంటారు, తెలిసే కళ్ళు తుడుచుకుంటారు. భారత నౌకాదళపు విన్యాస దళం సాగర్ పవన్ కథనూ అలాగే వినాలి.

నౌకాదళంలో జెట్ విమానం నడపడం నేర్పే బడి ఐఎన్‌ఏఎస్ 551 స్క్వాడ్రన్. 1961లో కోయంబత్తూరు దగ్గర సూలూరులో మొదలై, గోవా విముక్తి తర్వాత దబోలింలోని ఐఎన్‌ఎస్ హంసకు చేరింది. నడిసముద్రంలో ఊగే ఓడ మీద దిగవలసిన కుర్రాళ్ళకు చెయ్యి తిరిగింది అక్కడే. తర్వాతి కాలంలో వాళ్ళ చేతికి కిరణ్ వచ్చింది. బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో పుట్టిన విమానం. అందులో సీట్లు రెండూ పక్కపక్కనే ఉంటాయి. గురువు చెయ్యి ఎప్పుడు కదులుతుందో శిష్యుడికి ఓరకంట కనిపిస్తూనే ఉంటుంది. ఎంత భరోసా! తప్పు చేస్తే సరిదిద్దే మనిషి అంగుళాల దూరంలో కూర్చుని ఉన్నాడన్న ధైర్యంతో ఎందరు రెక్కలు తెచ్చుకున్నారో.

ఆ కిరణ్‌లతోనే 2003లో సాగర్ పవన్ విన్యాస దళం పుట్టింది. ముదురు నీలం, తెలుపు రంగుల్లో నాలుగంటే నాలుగే విమానాలు. అమెరికా నౌకాదళానికి బ్లూ ఏంజెల్స్ ఉంది, మనకు ఇది ఉండేది. ప్రపంచంలో ఇంకే నౌకాదళానికైనా ఇలాంటి జట్టు అరుదు. ఆ గర్వం కేవలం ఏడేళ్ళు నిలిచింది.

హెచ్చరిక రాలేదనలేం. 2009 జనవరిలో బీదర్ దగ్గర వాయుసేన సూర్యకిరణ్ దళం తన పైలట్‌ను పోగొట్టుకుంది. అదీ కిరణ్ విమానమే. హైదరాబాద్‌ నడిబొడ్డున ఉన్న బేగంపేట విమానాశ్రయం నుంచి ప్రయాణికుల విమానాలు 2008 మార్చిలోనే శంషాబాద్‌కు తరలిపోయాయి. విన్యాసాలను కూడా ఊరి బయటి ఆకాశానికి పంపి ఉండాల్సింది. బేగంపేట చుట్టూ ఎటు చూసినా డాబాలు, వాటి మీద ఆరేసిన బట్టలు, పిల్లలు. అయినా ఇండియా ఏవియేషన్ ప్రదర్శన అక్కడే జరిగింది.

అది తొలిరోజు. సాగర్ పవన్ విన్యాసాలు ముగింపుకొచ్చాయి. నాలుగు విమానాలూ ఒక్కుమ్మడిగా కిందికి దూకి, నేలకు దగ్గరగా నాలుగు దిక్కులకూ విడిపోవాలి. జనం తలలెత్తి చూస్తున్నారు. విడిపోయాయి. మూడు పైకి లేచాయి. నాలుగోది లేవలేదు. ఇంకొంత ఎత్తు మిగిలి ఉంటే, ఇంకొక్క క్షణం చేతిలో ఉంటే అని మనసు ఇప్పటికీ లెక్కలు వేస్తూనే ఉంటుంది. ఆ ఎత్తూ లేదు, ఆ క్షణమూ లేదు. విమానం బోయినపల్లిలో ఇళ్ళ మధ్య ఒక భవనం మీద పడింది. కింద ఉన్నవాళ్ళలో కొందరు గాయపడ్డారు.

కమాండర్ సురేశ్ కుమార్ మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్. గురుశిష్యుల కోసం పక్కపక్కన అమర్చిన ఆ రెండు సీట్లలోనే ఇద్దరూ వెళ్ళిపోయారు. వెన్నంటి ఉన్న తోడు కూడా ఆ రోజు కాపాడలేకపోయింది. వాళ్ళ ఇళ్ళలో ఆ సాయంత్రం మోగిన ఫోన్‌ల గురించి నేను రాయలేను.

ఆ తర్వాత సాగర్ పవన్ మళ్ళీ ఎగరలేదు. బడి మాత్రం బతికింది. 2013 నవంబరులో దానికి హాక్ విమానాలు వచ్చాయి, తర్వాత అవి మన విశాఖలోని ఐఎన్‌ఎస్ డేగాకు చేరాయి. 2011లో ఆగిన సూర్యకిరణ్‌ను వాయుసేన నాలుగేళ్ళకు అదే రకం హాక్‌లతో మళ్ళీ లేపి నిలబెట్టుకుంది. నౌకాదళపు జట్టుకు ఆ అదృష్టం దక్కలేదు.

వింగ్స్ ఇండియా పేరుతో ఆ ప్రదర్శన ఇప్పటికీ బేగంపేటలోనే జరుగుతోంది. నిర్వాహకులకు నాదొక్కటే విన్నపం. మొదటి విమానం లేచే ముందు ఆ ఇద్దరి పేర్లు మైకులో చదవండి, జనాన్ని ఒక్క నిమిషం నిలబడమనండి.