గన్నవరం సున్నాకు పైనా, కిందా?

బెజవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరం చుట్టుపక్కల ఎత్తైన భవనం కట్టాలన్నా, సెల్ టవర్ లేపాలన్నా విమానాశ్రయాల సంస్థ ఎన్‌ఓసీ అడుగుతారు. 2015లో కేంద్రం తెచ్చిన ఎత్తు పరిమితుల నిబంధనల ప్రకారం దరఖాస్తులో స్థలం అక్షాంశ రేఖాంశాలతో పాటు, సముద్ర మట్టానికి ఆ నేల ఎంత ఎత్తున ఉందో కూడా రాయాలి. దానికోసం సర్వేయర్ వచ్చి ట్రైపాడ్ నిలబెట్టి, పైన డీజీపీఎస్ యాంటెన్నా బిగించి, ఉపగ్రహాలు అందేదాకా కాచుకుంటాడు. అదే యాంటెన్నాను బెజవాడ కొండల మీద పెడితే కొండ ఎత్తు వస్తుంది, ఏ ఘాట్ రోడ్డు మీదో పెడితే కనుమ ఎత్తు వస్తుంది.

వస్తుంది గానీ, నేరుగా రాదు. గన్నవరం రన్‌వే సముద్ర మట్టానికి 25 మీటర్ల ఎత్తున ఉందని విమానయాన పత్రాలన్నీ చెబుతాయి. ఉపగ్రహం మొదట ఇచ్చే అంకె మాత్రం మైనస్‌లో ఉంటుంది. అటూ ఇటుగా యాభై మీటర్ల లోతు!

ఉపగ్రహం అబద్ధమాడటం లేదు, దానికి సముద్రమంటే ఏమిటో తెలీదు. భూమికి గణితవేత్తలు ఊహించిన నున్నటి ఆకారం ఒకటుంది. ఉపగ్రహం కొలిచేది దాని మీంచే. సముద్రమట్టం గురుత్వాకర్షణ చెప్పినట్టు వింటుంది; ఆ ఆకర్షణ అన్నిచోట్లా ఒకేలా ఉండదు. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఆ మట్టం ఊహా ఆకారం కంటే 106 మీటర్ల దాకా దిగిపోయింది. ప్రపంచంలో ఇంతటి పల్లం మరొకటి లేదు. దక్షిణ భారతమంతా ఆ పల్లం అంచునే ఉంది. కృష్ణా డెల్టా దగ్గర తేడా ఎనభై మీటర్ల ప్రాంతంలో ఉంటుంది. ఆఫ్రికా వైపు నుంచి భూగర్భంలో పొంగుతున్న వేడి రాతి పదార్థానికీ, ఎప్పుడో అంతరించిన టెథిస్ సముద్రపు అడుగు శకలాలకూ ఇందులో పాత్ర ఉందని 2023లో బెంగళూరు ఐఐఎస్‌సీ పరిశోధకులు లెక్కగట్టారు.

ఉపగ్రహాలు లేనప్పుడు కొండ ఎత్తుకు కోణమే ఆధారం. 1802 ఏప్రిల్ 10న మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ ఏడున్నర మైళ్ల ఆధార రేఖను గొలుసుతో కొలవడం మొదలుపెట్టాడు. దాని మీద త్రిభుజాలు అల్లుకుంటూ దేశమంతా పోయారు. కోణాలు కొలిచే అర టన్ను థియోడొలైట్‌ను మనుషులే కొండలెక్కించారు. వేసవి మసకలో దూరపు కొండ కనపడదు. వానలు పడ్డాక గాలి కడిగినట్టు ఉంటుంది. అందుకే 1819 వానాకాలంలో జార్జ్ ఎవరెస్ట్ కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లోకి దిగాడు. గాలి తేటగానే ఉంది, జ్వరం మాత్రం వదల్లేదు. పరివారమంతా మంచాన పడింది. ఆయన్ని హైదరాబాదుకు మోసుకొచ్చారు. మరుసటేడు కోలుకోవడానికి ఆఫ్రికా దక్షిణ కొసనున్న కేప్ వెళ్లాడు. ఈ పేరు వింటే అందరికీ మంచుకొండ గుర్తొస్తుంది. ఆ మనిషిని కూలదోసింది మాత్రం మన అడవి.

కోణంతో కొండ ఎత్తు తెలుస్తుంది గానీ, గాలిలో వెలుగు వంగడం వల్ల కొన్ని అడుగులు అటూ ఇటూ అవుతుంది. అంతకంటే నికరమైన పద్ధతి లెవెలింగ్: రెండు కర్రల నడుమ లెవెల్ పెట్టి, అడుగడుగునా ఎక్కుతూ దిగుతూ లెక్క మోసుకుపోవడం. 1909లో తొమ్మిది రేవుల్లో ఏళ్ల తరబడి కొలిచిన ఆటుపోట్ల సగటును సున్నాగా తీసుకుని దేశపు లెవెల్ వల కట్టారు. మద్రాసూ, విశాఖా ఆ తొమ్మిదిలోవే. రైల్వే స్టేషన్ పసుపు బోర్డుల మీద ‘సముద్ర మట్టానికి’ అని రాసేది ఆ సున్నా నుంచే. కొత్తవలస–కిరండూల్ దారిలో శిమిలిగుడ బోర్డు 996 మీటర్ల పైచిలుకు చూపిస్తుంది. లెవెలింగ్ రోడ్డు వెంటా, పట్టాల వెంటా నడుస్తుంది. అవి కనుమల్లోంచే పోతాయి. కాబట్టి పాత పటాల్లో నేను శిఖరం ఎత్తు కంటే కనుమ ఎత్తునే ఎక్కువగా నమ్ముతాను.

డెల్టాలో కథ వేరు. ఇక్కడ కొండల కంటే అంగుళాలు ముఖ్యం. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య కెప్టెన్ ఓర్ చేతిమీదుగా 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలువలు సముద్రం దాకా నీటిని నడిపించాయంటే అది లెవెల్ పట్టిన చేతుల చలవే.

జీపీఎస్ తొలి ఉపగ్రహం 1978లో ఎగిరింది. మామూలు జనానికి వచ్చే సంకేతాన్ని కావాలనే మసకబార్చే అలవాటును అమెరికా 2000 మేలో మానుకుంది. 2013 జులైలో మన నావిక్ తొలి ఉపగ్రహం శ్రీహరికోట నుంచే లేచింది. ఆంధ్రలో ఊరూరా రోవర్ (పొలాల్లో పట్టుకు తిరిగే ఉపగ్రహ రిసీవర్) పేరు తెలిసింది మాత్రం భూముల రీసర్వేతోనే. అది 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో మొదలైంది. శాశ్వత బేస్ స్టేషన్ల సాయంతో, తెర మీద ‘ఫిక్స్’ అని రాగానే రోవర్ గట్టు మూలను సెంటీమీటర్లలో పట్టేస్తుంది.

పొలం హద్దుకు అది చాలు. ఎత్తు విషయంలో చిక్కుంది. ఉపగ్రహాలన్నీ మన నెత్తిమీదే ఉంటాయి, పాదాల కింద ఒక్కటీ ఉండదు. అందుకే నిలువు లెక్కలో పొరపాటు అడ్డం లెక్క కంటే ఎక్కువ. పైగా ఉపగ్రహం అంకెను సముద్ర మట్టానికి మార్చాలంటే ఆ మట్టం ఎక్కడెంత దిగిందో చూపే మంచి జియాయిడ్ నమూనా కావాలి, దాన్ని సరిచూసుకోవడానికి దగ్గర్లో ఎత్తు గుర్తున్న పాత బెంచ్‌మార్క్ రాయి కావాలి. రోడ్లు వెడల్పు చేసినప్పుడల్లా ఆ రాళ్లు మాయమవుతుంటాయి. 2020లో నేపాల్, చైనా కలిసి ఎవరెస్ట్ ఎత్తు 8,848.86 మీటర్లని ప్రకటించాయి. దానికీ శిఖరం మీద యాంటెన్నా ఒక్కటే సరిపోలేదు. గురుత్వ కొలతలూ, సముద్రం వైపు నుంచి మోసుకొచ్చిన లెవెల్ లెక్కలూ కావాల్సి వచ్చాయి.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకు గండి పడి బెజవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, ఏ వీధిలో మోకాళ్ల లోతు, ఏ వీధిలో పీకల్లోతు అన్నది నేల ఎత్తులో మీటరు తేడాయే తేల్చింది. అక్కణ్నుంచి కొల్లేరు సరస్సు దాకా అంత సన్నటి వాలులో మురుగు కాలువ తవ్వాల్సి వస్తే, చేతిలో రోవర్ ఉన్నా, ఇంజనీరు ఆటో లెవెల్, స్టాఫ్ కర్ర పట్టుకుని గట్టు వెంట నడవక తప్పదు.