అధికారానికి హద్దులు: జంషెడ్‌పూర్ నగరపాలన కథ

పాలకులకు ఎంత అధికారం ఉండాలో, అది ఎక్కడ ఆగాలో వారి ఇష్టానికి వదలకుండా ముందుగానే రాసిపెట్టిన మూలశాసనమే రాజ్యాంగం. ఆ శాసనానికి కట్టుబడి, పాలితులకు జవాబు చెప్పుకుంటూ సాగే పాలనను రాజనీతి శాస్త్రంలో పరిమిత ప్రభుత్వం అంటారు. ఈ సూత్రం సాధారణంగా రాజునో రాజ్యాన్నో దృష్టిలో పెట్టుకుని పుట్టింది. పౌరుని ఇంటి కుళాయి నుంచి వీధి దీపం దాకా సమస్తం ఒక ఉక్కు సంస్థ చేతిలో ఉన్న జంషెడ్‌పూర్‌లో మాత్రం ఈ సూత్రానికి పూర్తిగా వేరైన పరీక్ష ఎదురైంది.

1907లో ఏర్పడిన టాటా ఉక్కు సంస్థకు సాక్చి పరిసర గ్రామాల భూమిని నాటి ప్రభుత్వం 1894 భూసేకరణ చట్టం కింద సేకరించి ఇచ్చింది. 1912లో తొలి ఉక్కు తయారైంది. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టాడు. పారలు, పలుగులు తయారుచేసిన వ్యవసాయ పనిముట్ల కర్మాగారం పేరే నగరంలోని అగ్రికో పేటకు స్థిరపడింది. ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చిన తెలుగువారితో సహా నానా ప్రాంతాల కార్మికులకు ఈ నగరంలో ఉద్యోగంతో పాటే కంపెనీ క్వార్టరు, అందులోకి నీరు, కరెంటు, జబ్బు చేస్తే ఆసుపత్రి అన్నీ యజమాని నుంచే వచ్చేవి. ఉద్యోగం ముగిసిన నాడు క్వార్టరూ ఖాళీ చేయవలసిందే. ఆ సేవల నాణ్యత దేశంలోని అనేక పురపాలక సంఘాలకు అందనిదని ఒప్పుకోవడం న్యాయం. కానీ సేవ బాగుండటం వేరు, సేవ చేసేవారిని మార్చగల హక్కు పౌరునికి ఉండటం వేరు. 1924లో ఏర్పాటైన నోటిఫైడ్ ఏరియా కమిటీ, అంటే ఎన్నికతో పని లేకుండా ప్రభుత్వం నియమించిన సభ్యులతో నడిచే పౌర సంఘం, ఆ హక్కును ఇవ్వలేదు.

జంషెడ్‌పూర్ ఉన్న ఈ సింగ్‌భూమ్ నేలపై అధికారానికి కట్టలు వేసే ప్రయత్నం రాజ్యాంగానికి ముందే మొదలైంది. ఆదివాసుల భూమి ఇతరుల చేతుల్లోకి జారిపోకుండా 1908 నాటి ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం ఆంక్షలు పెట్టింది. 1946 డిసెంబరు 19న రాజ్యాంగ సభలో ఆదివాసీ నాయకుడు జైపాల్ సింగ్ ముండా లేచి, ఆదివాసులకు ప్రజాస్వామ్యం నేర్పనక్కరలేదనీ, వారినుంచే దాన్ని నేర్చుకోవాలనీ అన్నప్పుడు, ఆ మాట వెనుక గ్రామసభల సుదీర్ఘ అనుభవం ఉంది. గవర్నరుకు ప్రత్యేక బాధ్యతలు అప్పగించి, గిరిజన సలహా మండలిని విధించిన అయిదవ షెడ్యూలు ఇప్పుడు జంషెడ్‌పూర్ ఉన్న తూర్పు సింగ్‌భూమ్ జిల్లాకు కూడా వర్తిస్తుంది.

భూమి విషయంలో ఈ కథ ఏకంగా రాజ్యాంగ సవరణల చరిత్రతోనే ముడిపడింది. జమీందారీలను రద్దు చేసిన 1950 నాటి బిహార్ భూసంస్కరణల చట్టాన్ని, సమానత్వ హక్కుకు విరుద్ధమని 1951లో పట్నా హైకోర్టు కొట్టివేయగా, ఆ ఏడాదే పార్లమెంటు మొదటి సవరణ తెచ్చి తొమ్మిదవ షెడ్యూలును సృష్టించి, అందులో మొట్టమొదట ఈ చట్టాన్నే చేర్చింది. ప్రాథమిక హక్కులను పార్లమెంటు ఎంతవరకు కుదించగలదన్న వాదం అక్కడినుంచి సాగి, 1967లో గోలక్‌నాథ్ కేసులో రాజమహేంద్రవరానికి చెందిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు తీర్పుకూ, 1973లో కేశవానంద భారతి కేసుకూ చేరింది. అదే భూసంస్కరణల చట్టం కింద టాటా సంస్థ భూములు కూడా రాష్ట్రానికి సంక్రమించాయి. 1985లో కుదిరిన ఒప్పందంతో సంస్థ లీజుదారుగా మారింది, 2005లో పునరుద్ధరించిన లీజుకు 2025 డిసెంబరు 31ని గడువుగా నిర్ణయించారు. స్వంతదారు లీజుదారైనా నగర నిర్వహణ పెద్దగా చేతులు మారలేదు.

ఎన్నికైన పురపాలక సంఘం కావాలని కోరుతూ ఒక పౌరుడు 1988లో సుప్రీం కోర్టు తలుపు తట్టాడు. 1993లో అమల్లోకి వచ్చిన 74వ సవరణ అయిదేళ్లకోసారి పట్టణ ఎన్నికలను విధిగా చేసింది. అయితే అదే సవరణ, 243క్యూ అధికరణంలో, ఒక పరిశ్రమ పౌర సేవలు అందిస్తున్న ప్రాంతాన్ని గవర్నరు పారిశ్రామిక నగరంగా ప్రకటించవచ్చనీ, అక్కడ పురపాలక సంఘం ఏర్పాటు చేయనక్కరలేదనీ మినహాయింపు ఇచ్చింది. పాలనను ప్రజలకు దగ్గర చేసేందుకు తెచ్చిన సవరణలోనే ఈ వెసులుబాటు ఉండటం దాని ప్రధాన లోపం. నీళ్ల గొట్టాలు ఎవరు వేశారన్న దాన్ని బట్టి ఓటు హక్కును తూచడం రాజ్యాంగ మూలసూత్రానికి సరిపడేది కాదు.

ఉక్కు కార్మిక సంఘంలో తన ప్రతినిధిని రహస్య బ్యాలెట్ ద్వారా ఎన్నుకునే అగ్రికో కార్మికుడు, శాసనసభకు ఓటు వేసే అదే పౌరుడు, తన వీధి మురుగు కాల్వకు జవాబుదారుడైన కౌన్సిలరును ఎన్నుకోలేడు. సువర్ణరేఖ దాటితే మాన్‌గోకు మాత్రం నగరపాలక సంస్థ ఉంది. 2023 డిసెంబరులో జార్ఖండ్ ప్రభుత్వం 243క్యూ మినహాయింపును ఆధారం చేసుకుని జంషెడ్‌పూర్‌ను పారిశ్రామిక నగరంగా ప్రకటించింది.