గ్రామఫోను ముల్లు: నాటి అలవాటు, నేటి జాగ్రత్త

మన సభ్యుల ఇండ్లలో అటక మీద పాత ప్లేట్లు కొన్ని ఇంకా ఉండే ఉంటాయి. ఈమధ్య మనవలు వాటిని దింపి, కొత్తగా కొన్న రికార్డు ప్లేయరు మీద వేసి చూస్తున్నారు. అందుచేత ఆ యంత్రపు ముల్లు చరిత్రను నాలుగు మాటలలో మనవి చేస్తున్నాను.

1887లో ఎమిల్ బెర్లినర్ గ్రామఫోనును రూపొందించాడు. 1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ పాటను రికార్డు చేశాడు. 1908లో ఆ నగరంలోనే ప్లేట్ల ఫ్యాక్టరీ ఏర్పడింది. తరువాతి కాలంలో కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటుల పద్యాలు ప్లేట్లకెక్కి, నాటక సమాజాలు చేరని ఊళ్లకు కూడా చేరాయి. పెట్టెకు కీ ఇస్తే చాలు గనుక మా మాధవరం వంటి పల్లెలలో కరెంటుతో పని లేకపోయింది.

నాటి ప్లేటు లక్కతో చేసినది. నిమిషానికి 78 చుట్లు తిరిగి, ఒక వైపు సుమారు మూడు నిమిషాలు పలికేది. లక్కలో రాతిపొడిని కావాలనే కలిపేవారు. ఉక్కు ముల్లు ఆ పొడికి అరిగి, గాడికి సరిపోయే ఆకారం పొందేది. పాట ముగిసేసరికి దాని అంచు పదునెక్కేది. దానినే మళ్లీ వాడితే గాడిని చెక్కివేస్తుంది. అందుకే ముల్లును ఒక్కసారే వాడవలెనని రేకు డబ్బాల మీద అచ్చువేసేవారు. అయినా పొదుపు కోసం ఒకే ముల్లుతో పెండ్లంతా నడిపిన మైకుసెట్ల వారు మన వైపు ఉండేవారు. పాత ప్లేట్ల గరగరకు అదొక కారణం.

1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ ఎల్.పి. రికార్డును తెచ్చింది. గాడి సన్నబడింది, లక్కకు బదులు వినైలు వచ్చింది, ఉక్కుకు బదులు నీలమణి, వజ్రం వచ్చాయి. పాటపాటకూ ముల్లు మార్చే పని పోయి, శుభ్రం చేసే పని మొదలైంది. 1974లో ఘంటసాల భగవద్గీత ఎల్.పి. వెలువడే నాటికి ఈ మార్పు అందరికీ తెలియదు.

ఆదోని జిన్నింగు మిల్లుల దూది నూగు, మన నల్లరేగడి దుమ్ము ప్లేటు మీద పడి మొనకు చుట్టుకుంటాయి. ముల్లు గాడిలో సరిగా దిగదు, పాట బొంగురుపోతుంది. నోటితో ఊదితే తుంపరలు పడి దుమ్ము మరింత అంటుకుంటుంది. వేలితో తుడిస్తే ముల్లును పట్టి ఉంచే సన్నని కడ్డీ విరుగుతుంది. యంత్రం ఆపి, మెత్తని చిన్న బ్రష్షుతో వెనుక నుండి ముందుకు మాత్రమే తుడవాలి. అడ్డంగా తుడవరాదు. వజ్రపు ముల్లు కూడా కొన్ని వందల గంటల తరువాత మార్చవలసినదే.

మనవలకు మూడు సంగతులు తప్పక చెప్పండి. 78 ప్లేటు గాడి దాదాపు మూడింతలు వెడల్పు గనుక దానికి ముల్లు వేరే కావాలి, వేగం మీట మార్చినంత మాత్రాన చాలదు. కీ ఇచ్చే పాత పెట్టె మీద ఎల్.పి.ని వేయరాదు, ఉక్కు ముల్లు బరువుకు ఒక్కసారికే పాడవుతుంది. లక్క ప్లేటును స్పిరిటుతో తుడవరాదు, లక్క కరిగిపోతుంది.

ఆ నటుల గొంతులు మన దాకా వచ్చాయంటే ఎవరో ఆ ప్లేట్లను భద్రంగా చూసుకున్నందువల్లనే. మన ఇండ్లలో ఉన్నవాటిని పనికిరాని సామానుతో పాటు పారవేయకండి.