సమ్మెట మనిషి, గని తల్లి

మిత్రులారా, విగ్రహాల రాజకీయం మీద రాస్తున్న ఈ వరుసలో ఇవాళ బెల్జియం వెళ్దాం.

ఎవరి విగ్రహం పెట్టాలనే గొడవ మన ఊళ్లలోనే ఉందనుకోకండి. యూరప్‌లో కూడా వందల ఏళ్లు దిమ్మె ఎక్కే హక్కు దేవుళ్లది, రాజులది, సేనాధిపతులది. బొగ్గు తవ్వేవాడు, ఇనుము కాల్చేవాడు దిమ్మె కట్టడానికే పనికొచ్చారు. ఆ వరస మార్చినవాళ్లలో ముఖ్యుడు కాన్‌స్టంటిన్ మ్యూనియే.

1831లో బ్రస్సెల్స్ పక్కన ఎటర్‌బేక్‌లో ఒక పేద కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. బొమ్మలు గీయడం అన్న నేర్పాడు. బ్రస్సెల్స్ అకాడమీలో శిల్పం చదివాడు. కానీ అప్పటి శిల్పమంటే నున్నటి పాలరాతి దేవతలు, పూలదండలు. 1851లో బ్రస్సెల్స్‌లో కూర్బే గీసిన 'రాళ్లు కొట్టేవాళ్లు' ప్రదర్శించారు. రోడ్డు పక్కన రాళ్లు కొట్టే ఇద్దరు కూలీల బొమ్మ అది. ఆ వాస్తవికత ప్రభావం మ్యూనియే మీద గట్టిగా పడింది. శిల్పం వదిలేసి దాదాపు ముప్పై ఏళ్లు చిత్రాలు గీశాడు. వాటిలో చాలావరకు సన్యాసులు, మతసంబంధ దృశ్యాలు.

1880 ప్రాంతంలో సెరాన్ ఉక్కు కొలుములు, బోరినాజ్ బొగ్గు గనులు చూశాక అతని దారి మారింది. కాగితం, రంగులు చాలలేదు. 1885 ప్రాంతంలో, యాభై దాటిన వయసులో, మళ్లీ మట్టి పట్టుకున్నాడు. చదువుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆలస్యమైపోయిందని దిగులు పడేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

1886లో పారిస్ సలోన్‌లో అతని 'సమ్మెట మనిషి' నిలబడ్డాడు. ఉక్కు కార్ఖానా కార్మికుడు. చేతిలో పొడవాటి పట్టకారు, ఒంటికి తోలు ఏప్రాన్. రాజు నిలబడినంత నిబ్బరంగా ఉంటాడు. ఆ తర్వాత కొలిమి ముందు అలసిపోయి, నోరు తెరిచి కూలబడ్డ కార్మికుడినీ, ఆంట్వెర్ప్ రేవు కూలీనీ, గనిలో పనిచేసే ఆడవాళ్లనూ, గనిలో ముసలిదైపోయిన గుర్రాన్నీ చేశాడు.

నా కళ్లు మాత్రం ఆ తోలు ఏప్రాన్ దగ్గర ఆగిపోతాయి. అక్కడ తోలు పనివాడి ఒంటి మీది కవచం. మన దగ్గర అదే తోలు ముట్టుకున్న చేతుల్ని ఊరి బయట పెట్టారు. అక్కడి కార్మికుడికి పేదరికం ఉంది, దోపిడీ ఉంది. కానీ పనిని బట్టి పుట్టుకకే మైల అంటగట్టే శాస్త్రం లేదు. కులం పనిని మాత్రమే విభజించదు, పనిచేసే మనుషుల్నే మెట్లుమెట్లుగా విడగొడుతుందని బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో చెప్పింది ఇదే.

ఇప్పుడు అసలు ప్రశ్న. కంచులో కార్మికుడికి గౌరవం వచ్చింది, మరి బతుకులో?

అదే 1886 మార్చిలో లీజ్‌లో మొదలైన అల్లర్లు, సమ్మెలు షార్లెరోవా దాకా పాకాయి. సైన్యం కార్మికుల మీద కాల్పులు జరిపింది. మనుషులు చచ్చిపోయారు. సలోన్‌లో కంచు కార్మికుడిని మెచ్చుకున్న ఆ కాలంలో బెల్జియంలో మామూలు కార్మికుడికి ఓటు కూడా లేదు. 1893లో సార్వత్రిక సమ్మె చేస్తేగాని రాలేదు. అదీ మగవాళ్లకే, పైగా ఆస్తి, చదువు ఉన్నవాళ్లకు అదనపు ఓట్లు. ఓటు తెచ్చింది విగ్రహం కాదు, సమ్మె.

అందుకే శ్రమను పొగిడేవాళ్లను చూస్తే నాకు కొంచెం అనుమానం. పాకీ పని పవిత్రమైన సేవ అన్న గాంధీ మాటను అంబేడ్కర్ 1945లో ఎందుకు ఉతికి ఆరేశారో మీకు తెలుసు. పనిని పొగడటం, ఆ పనిలోనే మనిషిని కట్టేయడం చాలాసార్లు ఒకే నోటి నుంచి వస్తాయి.

మ్యూనియే ఆ ఉచ్చులో పడ్డాడా? 'సమ్మెట మనిషి' వరకే చూస్తే పడ్డాడనే అనొచ్చు. ఎత్తిన పిడికిలి లేదు, సమ్మె లేదు. కానీ అతను ఇంకొకటి చేశాడు. దాని పేరు 'గ్రిజు', అంటే బొగ్గు గనిలో పేలే వాయువు.

1887లో బోరినాజ్‌లో క్వారెన్యోన్ దగ్గర లా బూల్ గని పేలింది. ఆ దుర్ఘటన నుంచి పుట్టిందే ఈ కంచు శిల్పం. నేల మీద బట్టల్లేని కొడుకు శవం. దాని మీదికి వంగి, గుర్తుపట్టి, నిలబడిపోయిన తల్లి. చర్చిల్లో మరియ తల్లి కొడుకును ఒడిలో పెట్టుకుంటుంది. ఈ తల్లికి ఆ ఒడి కూడా దక్కలేదు. గుండెలు బాదుకోదు, ఆకాశం వైపు చూడదు. వంగి చూస్తూ ఉంటుంది, అంతే. ఇక్కడ శ్రమకు పొగడ్త లేదు. టన్ను బొగ్గుకు ఎవరు ఎంత కట్టారో లెక్క ఉంది. 1894లో మ్యూనియే ఇద్దరు కొడుకులూ ఒకే ఏడాదిలో చనిపోయారు. ఆ తల్లి పక్కన తనూ నిలబడాల్సి వచ్చింది.

1905లో అతను పోయాడు. ఏళ్ల తరబడి చేసిన 'శ్రమ స్మారకం' ముక్కలను 1930లో బ్రస్సెల్స్‌లోని లాకెన్‌లో ఒకచోట నిలబెట్టారు. గని, పరిశ్రమ, పంట, రేవు, నాలుగు రాతి ఫలకాలు. ఇక్సెల్‌లో అతని ఇల్లే ఇప్పుడు మ్యూజియం.

గ్రిజు అంటే ముఖ్యంగా మీథేన్. మన మ్యాన్‌హోళ్లలో హైడ్రోజన్ సల్ఫైడ్‌తో పాటు ఉండేదీ ఆ మీథేనే. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చినా మనవాళ్లు ఇంకా అందులోకి దిగుతూనే ఉన్నారు, శవాలై పైకి వస్తూనే ఉన్నారు. రోడ్డు మీద పడుకోబెట్టిన ఆ శవం మీదికి వంగి చూసే తల్లులకు కంచు విగ్రహం అక్కర్లేదు. కొడుకు అందులోకి దిగకుండా ఉండాలి.

పారిశుద్ధ్య కార్మికులకు శాలువాలు కప్పే సభలకు మిమ్మల్నీ పిలుస్తారు. వెళ్లండి. వెళ్లి, యంత్రాలు ఎప్పుడు కొంటారని మైకులో అడగండి.

జై భీమ్.